ఈశాన్యం మూల పద్నాలుగో ప్లాటు

నేను చేసిన పని చెప్పుకుంటే సిగ్గు. చెప్పుకోకపోతే అంతకంటే సిగ్గు. అందుకని చెప్పేస్తున్నాను. విన్నాక నాలుగు తిట్టాలనిపిస్తే తిట్టండి, కాదనను.

నా పేరు ధర్మారావు. సొంతూరు తెనాలి. రోడ్లు భవనాల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి అసిస్టెంటు ఇంజనీరుగా రిటైరయ్యాను. ఇంజనీరింగు నా ఉద్యోగం, వాస్తు నా వ్యసనం. మా పేటలో నన్ను అడక్కుండా కొత్త ఇంటికి శంకుస్థాపన చేసేవాళ్ళు తక్కువ. 2013 మే నెలలో నేనూ మా ఆవిడ ధనమ్మా ఆర్నెల్లు ఉందామని టెక్సాస్‌లోని కాపెల్ వచ్చాం, అమ్మాయి రాధారాణి దగ్గరికి. ఎనిమిదింటికల్లా అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి పోతే ఇల్లంతా ఏసీ చప్పుడే. తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందని సామెత. నేను తోచక ఏకంగా ఆఫ్రికా వెళ్ళాను, డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ కదలకుండానే.

అది ఇలా జరిగింది. మా అల్లుడు వేణుమాధవ్‌కి జగన్మోహన్ అని చదువుకునే రోజుల నాటి స్నేహితుడు. అతను ఉగాండాలో స్థిరపడి, కంపాలా ఊరి చివర కొండవాలులో పన్నెండెకరాలు కొని, గోడ కట్టి, గేటు పెట్టి, లోపల ముప్ఫై ఆరు విల్లాలు వేస్తున్నాడు. ఊరు ఏటేటా అటే పెరుగుతోందట. అమెరికాలో వాటిని అమ్మిపెట్టే పని వేణుమాధవ్‌ది. కొన్నవాళ్ళలో సగం మంది కాపెల్, ఇర్వింగ్, ఫ్రిస్కోల్లోని మన తెలుగువాళ్ళు. మిగతా సగం ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ సొంత దేశంలో ఇల్లు ఉండాలనుకునే ఉగాండావాళ్ళు.

ఒకరోజు సాయంత్రం వేణుమాధవ్ లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు.

“మావయ్య గారూ, మీరొక్కసారి ఈ లేఅవుట్ చూసిపెట్టాలి. మనవాళ్ళు ఒక్కొక్కరూ బుకింగ్ కాన్సిల్ చేస్తామంటున్నారు. స్విమ్మింగ్ పూల్ నైరుతిలో పడిందట.”

“నైరుతిలో గొయ్యా! ఏ ప్రబుద్ధుడు గీశాడండీ ఇది? యజమానికి ఊపిరాడనిస్తుందా?”

“అందుకే మీ దగ్గరికి తెచ్చాను. మీరు సరిచేసి సంతకం పెడితే చాలు, ఇంకెవరూ మాట్లాడరు.”

నన్ను మునగచెట్టు ఎక్కించడానికి అంతకన్నా ఏం కావాలి? స్కేలూ పెన్సిలూ తెప్పించుకుని కూర్చున్నాను. నీళ్ళుండవలసింది ఈశాన్యంలో. అక్కడ పదమూడు, పద్నాలుగు, పదిహేను నంబర్ల ప్లాట్లున్నాయి. ఆ మూడూ కొట్టేసి పూల్ అక్కడ పెట్టాను. అవి కొన్న ముగ్గురికీ నైరుతి వైపు, మన వాళ్ళెవరూ వద్దన్న చోట, ప్లాట్లు చూపించాను.

రాధారాణి కాఫీ ఇస్తూ అడిగింది, “వాళ్ళు ఒప్పుకుంటారా నాన్నా?”

“వాళ్ళు ఆఫ్రికావాళ్ళేనమ్మా. వాళ్ళకి వాస్తు పట్టింపేం ఉంటుంది? పట్టింపు లేనివాళ్ళకి దోషమూ అంటదు,” అన్నాను. ఏ శాస్త్రంలో ఉందా మాట? ఎందులోనూ లేదు. ఆ క్షణాన నా నోటికొచ్చింది, అంతే.

స్థలం ఫోటోలు కూడా పంపారు. పద్నాలుగో ప్లాటులో ఒక సమాధి ఉంది. సిమెంటు దిమ్మ, దాని మీద ప్లాస్టిక్ పూలదండ. చుట్టూ నేల మీద చీపురు గీతలు కనిపిస్తున్నాయి. ఎవరో కొత్తగా ఊడ్చారు. నేను ఆ గీతలు చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను.

“ఎవరిదండీ ఇది?” అని అడిగాను.

“ఎవరో లోకల్స్‌ది మావయ్య గారూ. ల్యాండ్ మొత్తం రిజిస్టర్ అయిపోయింది, లీగల్‌గా ఇష్యూ ఏం లేదంటున్నాడు జగన్.”

భూమిలో ఎముకలుంటే శల్యదోషం అంటాం. ఇల్లు కట్టేముందు తవ్వి తీసేయాలి. మన ఊళ్ళలో ఏ కుక్క ఎముకో, గొడ్డు ఎముకో తగులుతుంది, తీసి పారేస్తాం. ఇక్కడున్నది మనిషి. పూలదండ ఉన్న మనిషి. అయినా నా పెన్ను ఆగలేదు. మూడు పేజీల రిపోర్టు ఇంగ్లీషులో రాసి, కింద సంతకం పెట్టి, ‘రిటైర్డ్’ అన్న మాట కూడా చేర్చి పంపించాను. తవ్వడానికి శ్రావణమాసంలో సోమవారం పొద్దున, సింహలగ్నం, కంపాలా టైము ప్రకారం ఏడూ నలభైకి ముహూర్తం పెట్టాను. ప్లాట్లు మారిన సంగతి పని మొదలయ్యాక ఉత్తరాలు రాసి చెబుతామన్నాడు జగన్మోహన్.

జూలైలో ధనమ్మ గ్యారేజీ మెట్టు మీద జారి మోకాలి చిప్ప విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక రోజూ ఎక్సర్‌సైజులు చేయించాలన్నారు. విజిటర్ ఇన్సూరెన్సు అంతవరకూ రాదట. అప్పుడు వేణుమాధవ్ తన దగ్గర ప్లాటు కొన్న ఒక ఉగాండా అమ్మాయిని పిలిపించాడు. పేరు ఫ్లారెన్స్ నాలుబెగ. నలభై ఏళ్ళుంటాయి. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి నర్సు పని చేస్తుంది. సోమ, బుధ, శుక్రవారాలు పదింటికి వచ్చేది.

ఎంత నెమ్మదైన మనిషో! ధనమ్మకి ఇంగ్లీషు రాదు, ఆమెకి తెలుగు రాదు. మధ్యలో దుబాసీని నేను. అయినా వారం తిరక్కుండానే “వంచమ్మా, చాపమ్మా, ఇంకొక్కటమ్మా” అని తెలుగులోనే లెక్కపెట్టేది. నన్ను ‘సెబో’ అనేది. వాళ్ళ భాషలో అయ్యగారూ అని. ధనమ్మ ఆమెకి రోజూ ఏదో ఒకటి పెట్టేది, పులిహోరో పెసరట్టో. కన్నకూతురు చేయని సేవ చేస్తోంది ఈ పిల్ల అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది.

ముహూర్తం ఇక మూడు రోజులుందనగా, శుక్రవారం, ఫ్లారెన్స్ మోకాలికి నూనె రాస్తోంది. ధనమ్మ నన్ను అడగమంది, “అక్కడ ఇల్లు కట్టుకుని ఎవరుంటారట? ఈ పిల్ల ఇక్కడే ఉంటుందిగా?”

అడిగాను. ఫ్లారెన్స్ ముఖం వెలిగిపోయింది. ఆమె చెప్పింది చెప్పినట్టు ధనమ్మకి తెలుగులో చెబుతూ పోయాను.

“వాళ్ళ అమ్మ ఉంటుందట. ఆ భూమి ఒకప్పుడు వీళ్ళదేనట. నాన్న పోయాక బాబాయి వీళ్ళకి చెప్పకుండా అమ్మేశాడట. వాళ్ళలో చనిపోయినవాళ్ళని సొంత భూమిలోనే పెట్టుకుంటారట. చెట్టు బెరడుని సాగగొట్టి చేసిన గుడ్డ చుట్టి, వాళ్ళమ్మ స్వయంగా...” అని ఆగాను.

“ఊఁ, చెప్పండి.”

“నాన్న సమాధి ఆ గోడ లోపలే ఉండిపోయిందట. వాచ్‌మన్‌ని బతిమాలుకుని వాళ్ళమ్మ వారం వారం వెళ్ళి ఊడ్చి వస్తోందట. అందుకని ఈ పిల్ల రెండు ఉద్యోగాలు చేసి, సరిగ్గా ఆ ప్లాటే కొందట. ఎందుకు కావాలో చెబితే రేటు పెంచుతారని ఎవరికీ చెప్పలేదట.”

“ఏ ప్లాటు?” అని నేనే అడిగాను.

“పద్నాలుగు, సెబో. మీ అల్లుడికి చెప్పకండేం,” అని నవ్వింది.

ధనమ్మ ఆమె తల నిమిరింది. “నాన్న కోసం నేల కొనుక్కున్నావా తల్లీ! బంగారు తల్లివి. కన్నందుకు ఆయన జన్మ ధన్యం. ఏవండీ, ఈ మాట చెప్పండి దానికి.”

చెప్పాను. అదీ నేనే చెప్పాను, ఈ నోటితోనే. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది కానీ మాటలు మాత్రం బయటికొస్తూనే ఉన్నాయి.

ఆమె వెళ్ళాక పెరట్లోకి పోయి ఎండలో నిలబడ్డాను. తవ్వకం ఆపించడం ఎంత పని? ‘గణితంలో పొరపాటు పడ్డాను, ఈశాన్యం ముట్టుకోకండి’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. వేణుమాధవ్ మంచివాడు, నిజం చెప్పినా ఆపేస్తాడు. కానీ నేను పొరపాటు పడ్డానని నేనే చెప్పాలి. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా ఎవరితోనూ అనలేదు. చీఫ్ ఇంజనీరుతోనే అనలేదు.

ఆరింటికి వేణుమాధవ్ వచ్చాడు. “అల్లుడు గారూ, మీతో ఒక మాట,” అన్నాను.

“నేను కూడా మీకో మాట చెప్పాలి,” అన్నాడు హుషారుగా. “రేపు మధ్యాహ్నం, విల్లా బుక్ చేసిన నళిని వాళ్ళింట్లో మన బయ్యర్స్ అందరూ కలుస్తున్నారు. మీకు శాలువా కప్పుతారట. ప్లీజ్, కాదనకండి. ఇంతకీ మీరేమిటో అంటున్నారు?”

“ఏం లేదు. మందులు అయిపోవచ్చాయి,” అన్నాను.

మరునాడు వెళ్ళాను. శాలువా కప్పించుకున్నాను. నళిని ఇల్లు నిండిపోయింది. పాతికమంది పైనే ఉన్నారు, అందరూ నా పిల్లల వయసువాళ్ళు. “అంకుల్, మా మాస్టర్ బెడ్‌రూమ్ ఎటు ఉండాలి?” “అంకుల్, కిచెన్ ఆగ్నేయంలోనే వచ్చిందిగా?” అని చుట్టూ మూగారు. నళిని భర్త భానుప్రకాష్ మాత్రం కాస్త నసుగుతూ అడిగాడు.

“అంకుల్, ఈశాన్యంలో ఏదో సమాధి ఉందని విన్నాం. నిజమేనా?”

అందరూ నా వైపు చూశారు. చూడండి, దేవుడు అంతకంటే సాయం ఎవడికి చేస్తాడు? తలుపు తీసి, దారి చూపించి, వెళ్ళు నాయనా అన్నట్టుగా అడిగించాడు. ‘ఉంది. అది ఫలానా అమ్మాయి తండ్రిది. దాన్ని కదపకూడదు’ అంటే అయిపోయేది. ఆ పిల్లలు కూడా రాక్షసులేం కాదు, తలొకరు అయ్యో అనేవారు.

నేనేమన్నానో తెలుసా? భుజం మీద శాలువా సర్దుకుని, “దానికి విరుగుడు రాసేశాను బాబూ. సోమవారం పొద్దునకల్లా ఆ మూల శుభ్రమైపోతుంది. మీరు నిశ్చింతగా ఉండండి,” అన్నాను. “హమ్మయ్య” అన్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఆ కాకిని నేనే.

ఆదివారం అందరం గుడికి వెళ్ళాం. కారులో వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చెబుదామని గొంతు సవరించుకున్నాను. రెండుసార్లూ రాధారాణి మంచినీళ్ళ బాటిల్ అందించింది. మధ్యాహ్నం అనుకున్నాను, సాయంత్రం అనుకున్నాను. చివరికి సోమవారం పొద్దున్నే చెప్పేద్దాంలే, ముహూర్తం సోమవారమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఇక్కడ నన్ను వదిలిపెట్టకండి. కంపాలాలో సోమవారం పొద్దున ఏడూ నలభై అంటే కాపెల్‌లో ఇంకా ఆదివారమే, రాత్రి పదకొండూ నలభై. ఎనిమిది గంటల తేడా. ముహూర్తం కట్టినవాణ్ణి నేను, ఆ లెక్క కాగితం మీద వేసుకున్నవాణ్ణి నేను. తెలియక కాదు, మరిచిపోయీ కాదు. తెలిసే సోమవారం అనుకున్నాను, ఎందుకంటే సోమవారానికి ఇక చెప్పవలసిన అవసరం ఉండదు. పదింటికి పక్క మీద వాలాను. నిద్ర కూడా పట్టింది. అది కూడా చెప్పాలి కదా.

సోమవారం కాఫీ తాగుతూ వేణుమాధవ్‌కి అంతా చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. అతను కప్పు కింద పెట్టి నన్ను చూశాడు. నా అల్లుడు నన్ను అలా చూడటం అదే మొదలు.

“శుక్రవారమే తెలిసిందా మీకు?”

“ఆఁ.”

“నిన్న చెప్పినా ఒక్క ఫోన్‌తో ఆపేసేవాణ్ణి కదా మావయ్య గారూ! ఆవిడ ఎందుకు కొందో నేనూ అడగలేదు, తప్పు నాదీ ఉంది. కానీ మీకు తెలుసు కదండీ!”

అతను కోప్పడి ఉంటే బాగుండేది. కారు తాళాలు తీసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఫ్లారెన్స్ రాలేదు. ఒంట్లో బాగాలేదని రాధారాణికి మెసేజ్ పెట్టిందట. రెండు రోజులు నేను అన్నం ముందు కూర్చుని లేచాను. ధనమ్మ నాకు బీపీ చూపించమని గొడవ చేసింది. ఆమెకి ఇంకా ఏమీ తెలియదు. చెప్పే ధైర్యం నాకు ఎక్కడిది?

బుధవారం పది గంటలకి బెల్లు మోగింది. ఫ్లారెన్స్. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. “గుడ్ మార్నింగ్ సెబో” అనలేదు. తిన్నగా హాల్లో ధనమ్మ దగ్గరికి వెళ్ళి చాప పరిచి, నూనె రాసి, “వంచమ్మా, చాపమ్మా” అని ఎక్సర్‌సైజులన్నీ చేయించింది. ఒక్కటీ తగ్గించలేదు. ఎప్పటిలాగే కాలి కింద దిండు సర్ది, చేతులు కడుక్కుని, డైనింగ్ టేబుల్ దగ్గరికొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అందులో నా రిపోర్టు మూడో పేజీ ఫోటో ఉంది. కింద నా సంతకం.

“అమ్మ గేటు దగ్గర గొడవ చేస్తే ఇది చూపించారట. ఇండియా నుంచి పెద్ద ఇంజనీరు రాసిచ్చాడని చెప్పారట. తమ్ముడు ఫోటో తీసి పంపాడు. ఇది మీ పేరే కదా సెబో?”

“నా పేరేనమ్మా.”

“శుక్రవారం నేను మీకు చెప్పాను.”

“చెప్పావు.”

అప్పుడామె అరుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. చెంపమీద కొడితే తీసుకుందామని కూడా కూర్చున్నాను. ఆమె అవేం చేయలేదు. ఎందుకు చేశారనీ అడగలేదు.

“తీసినవాటిని ఎక్కడ పెట్టమన్నారు?” అంది. “ఈ పేజీలో లేదు. మీ దగ్గర మొత్తం ఉంటుందిగా? చదవండి.”

లోపలికెళ్ళి నా కాపీ తెచ్చాను. మొదటినుంచీ చదివాను. తవ్వేముందు ఏ దిక్కుకి తిరగాలి, ఎన్ని కొబ్బరికాయలు కొట్టాలి, నిలువెత్తు లోతు తవ్వాక ఎన్ని బిందెల నీళ్ళు పోయాలి, పసుపు ఎంత, కొత్త మట్టి ఎక్కడినుంచి తేవాలి, మొదటి పలుగు వేసేవాడి నక్షత్రం ఏమై ఉండాలి, అన్నీ ఉన్నాయి. ఎముకలు ‘పూర్తిగా తొలగించవలెను’ అని ఉంది. మూడో పేజీ అయిపోయింది.

“ఇంకో పేజీ ఉందా సెబో?” అంది.

“లేదమ్మా.”

“వెనకవైపు?”

తిప్పి చూపించాను. తెల్లగా ఉంది. ఆ మూడు పేజీలు రాసిన రోజున ఈ ప్రశ్న నా బుర్రలోకే రాలేదు.

“అమ్మ సోమవారం నుంచీ రోడ్డు మీదే ఉంది,” అంది ఫ్లారెన్స్. “మట్టి లారీలు నడిపేవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ఆపి అడుగుతోంది, ఎక్కడ పోశారని. వాళ్ళు చెప్పడం లేదు. మీరు ఫోన్ చేయండి. మీకు చెబుతారు.”

జగన్మోహన్‌కి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి టేబుల్ మీద ఉంచాను. ఆమె ముందుకు వంగింది.

“గురువు గారూ, నమస్కారం!” అన్నాడు జగన్మోహన్ తెలుగులో, గొంతు ఖంగుమంటోంది. “నేనే చేద్దామనుకుంటున్నాను మీకు. మీరు పెట్టిన ముహూర్తానికి నిమిషం తేడా రానివ్వలేదు. లోతు కూడా మీరు చెప్పిందే.”

“మట్టి ఎక్కడ పోశారు జగన్మోహన్ గారూ? ఆ... లోపల తీసినవి?”

“అన్నీ కలిపి లారీల్లో ఎత్తించేశామండీ. మీరు చోటు రాయలేదుగా, అందుకని లారీవాళ్ళకే వదిలేశాం. రోడ్డు పల్లాల్లో పోశారో, ఇంకెక్కడ పోశారో. ఎక్కడైతే ఏంలెండి, మన కాంపౌండ్‌లో మాత్రం ఒక్క ముక్క మిగల్లేదు. మీరేం బెంగ పెట్టుకోకండి.”

ఫోన్ పెట్టేశాను. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

“ఏమంటున్నాడు సెబో?”

చెప్పాను. నిమిషం తేడా రానివ్వలేదన్న మాట కూడా చెప్పాను. చోటు నేను రాయలేదు కాబట్టి లారీవాళ్ళకి వదిలేశారని చెప్పాను. శుక్రవారం నుంచీ తెలిసి కూడా ఆపలేదని, భయపడి కాదు, పరువు పోతుందని ఆపలేదని చెప్పాను. దేన్నీ మెత్తగా చేసి చెప్పలేదు. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుని టేబుల్ మీదికి వంగిపోయింది. ఏడ్చింది. ఓదార్చడానికి నా చెయ్యి లేచింది. ఏ ముఖం పెట్టుకుని వేయను? దించేసుకున్నాను.

హాల్లోంచి ధనమ్మ కేకేసింది. “ఏవండీ! ఆ పిల్ల ఏడుస్తోందా ఏమిటి? ఏమంటోంది? నాకూ చెప్పండి.”

ఇందాకటిదాకా ఇంగ్లీషులో చెప్పాను. ఇప్పుడు ఇదంతా తెలుగులో, నలభై రెండేళ్ళు నాతో కాపురం చేసిన మనిషికి చెప్పాలి. లేచి హాల్లోకి నడిచాను.